క్యారియర్‌లో వచ్చిన చుట్టాలు

ఆ రోజుల్లో మా బెల్లంపల్లి కాలనీలో గడియారాలు లేకపోలేదు కానీ వాటిని నమ్మినవాళ్లు మాత్రం లేరు. సైరన్ కూస్తే తెల్లారినట్టు, మళ్లీ కూస్తే మూడైనట్టు. మధ్యలో ఎంతయిందని ఎవరినైనా అడిగితే, సూర్యుణ్ని చూడరు, గోడ గడియారాన్నీ చూడరు, చెవి బాయి వైపు తిప్పి కాసేపు ఆగి జవాబు చెప్పేవారు. (మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. నీళ్లు లేనిదాన్ని బాయి అనడమేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. నీళ్లకేం, బోలెడు ఉంటాయి. వాటిని తోడిపోసే పంపు నడపడానికే మా బాపు ముప్పై ఏళ్లకు పైగా లోపలికి దిగాడు.) యాభై దాటిన ఈ వయసులో, గోడకొకటి, చేతికొకటి, జేబులో ఫోనుకొకటి గడియారాలు పెట్టుకుని కూడా రోజూ బడికి ఆలస్యంగా వెళ్లే టీచరమ్మను నేను. ఆ సైరనే ఉంటే ఇలా ఉండేదాన్ని కాదని హెడ్మాస్టరు గారికి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను.

మాది వరుస క్వార్టర్లలో చిట్టచివరిది. రెండు గదులు, ముందు వాకిలి, వెనక రేకులు కప్పిన బొగ్గుల కొట్టం. నెలకోసారి బండి వచ్చి ఆ కొట్టంలో బొగ్గు పోసి పోయేది. అందరి ఇళ్లలో పొయ్యి దానితోనే. అందుకే మా కాలనీలో ఉతికిన బట్టకు, ఉతకని బట్టకు పెద్ద తేడా కనిపించేది కాదు. ఇంట్లో మేం నలుగురం. అవ్వ, బాపు (మా వైపు అమ్మానాన్నలను అలాగే పిలుస్తారు), అక్క, నేను. అక్కకు పన్నెండేళ్లు, నాకు ఎనిమిది. అక్క ఏదైనా చెబితే అది చట్టం. నేను ఏదైనా చెబితే అది ఊరంతా తెలిసినట్టు. నా నోట్లో మాట ఆగదని ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

బాపుకు రెండు అలవాట్లు ఉండేవి. డ్యూటీకి పోయేముందు బీడీల కట్ట, అగ్గిపెట్టె తీసి కిటికీ గూట్లో పెట్టేవాడు. "అగ్గి ఇంట్ల, నేను బాయిల" అని ప్రతిరోజూ అదే మాట అనేవాడు. బాయి లోపల కంటికి కనబడని గ్యాసు ఉంటుందట, అగ్గిపుల్ల గీస్తే చాలట, అందరూ పోతారట. అందుకే బాయి మొగం దగ్గర ఒకాయన నిలబడి దిగేవాళ్ల జేబులన్నీ తడిమి చూసేవాడు. ఆయన ఎవరో కాదు, మా ఎదురు క్వార్టర్‌లో ఉండే చాచా. జేబుల చాచా అని మేం పెట్టిన పేరు. తడిమి తడిమి ఆయన చేతులకు ఎంత అలవాటైందంటే, పెళ్లిలో ఎదురైనవాణ్ని ఆలింగనం చేసుకున్నా జేబులు చూసేవాడు. మమ్మల్ని కూడా ఆపి, "జర ఆగున్రి బేటీ, తనిఖీ" అని గౌను జేబులు తడిమేవాడు. ఆయన పోయాక చూసుకుంటే జేబులో పిప్పరమెంటు ఉండేది. కానీ బాయి మీద మాత్రం చాచా వేరే మనిషి. ఓసారి సొంత తమ్ముడి చొక్కా మడతలో బీడీ ముక్క దొరికితే అందరి ముందే వెనక్కి పంపించాడు. ఆ తమ్ముడికి నెల రోజులు పని లేదు, చాచాతో ఏడాది మాటల్లేవు.

బాపు రెండో అలవాటు మాకు సంబంధించినది. క్యారియర్‌లో జొన్నరొట్టెలు, తొక్కు, ఇంత అన్నం పట్టుకుని పోయేవాడు. వచ్చేటప్పుడు అడుగు గిన్నెలో సగం రొట్టె తప్పకుండా ఉండేది. "బాయిల కుందేలు పంపింది బిడ్డా, మీ అక్కచెల్లెండ్లకు" అనేవాడు. బొగ్గు వాసన వేసే ఆ ఎండు రొట్టె కోసం నేనూ అక్కా కొట్టుకున్న కొట్లాటలు ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. అదే పిండితో, అదే పెనం మీద చేసిన వేడి రొట్టెను పొద్దున అవ్వ బతిమాలి పెడితే తినేవాళ్లం కాదు. కుందేలు పంపిన రొట్టె కదా, దాని రుచే వేరు.

ఒక మధ్యాహ్నం బాపు వచ్చి క్యారియర్ గడపలో పెట్టి, బీడీ ముట్టించుకుని వాకిట్లో కూర్చున్నాడు. నేను పరుగున పోయి అడుగు గిన్నె తీశాను. సగం రొట్టె ఉంది. దాని మీద కూర్చుని, అంచు కొరుకుతూ ఒక జీవం కూడా ఉంది. ఉడుతంత ఉంటుంది. మసి నలుపు. ఊపిరి పీల్చినప్పుడల్లా దాని పొట్ట కుంపట్లో కణికను ఊదినట్టు ఎర్రగా వెలిగి ఆరిపోతోంది. నేను అరవబోతుంటే అక్క వచ్చి నా నోరు మూసింది. మూసిన చేతిని చాలాసేపు తీయలేదు. "కుందేలు గిట్లుంటదా అక్కా?" అని వేళ్ల సందుల్లోంచి అడిగాను. "ఇది కుందేలు కాదు. తప్పిపోయి వచ్చింది. మనం కాపాడాలె" అంది అక్క. ఆ క్షణంలో ఆమె ముఖం చూస్తే మా బళ్లో పెద్ద టీచరు గుర్తొచ్చింది.

అలా మొదలైంది మా ఆశ్రమం. కొట్టంలో బొగ్గు కుప్ప వెనక, అవ్వకు కనబడనంత జాగా చూసి, పాత గోనెపట్టా పరిచాం. అక్క పాత క్యాలెండరు వెనకవైపు నియమాలు రాసి లోపల గోడకు అతికించింది. పెద్దవాళ్లకు ప్రవేశం లేదు. లోపల గట్టిగా మాట్లాడరాదు. చిటపట పొట్ట మీద వేలు పెట్టి చూడరాదు. (చిటపట అన్నది మేం దానికి పెట్టిన పేరు. మూడో నియమం నా ఒక్కదాని కోసమే రాసింది.) అధిపతి అక్క. నాకు కావలి, ఊడ్చుడు, పేడ ఎత్తుడు. చిటపట పేడ వెచ్చటి బూడిద, దాన్ని పొయ్యి బూడిదలో కలిపేస్తే అవ్వ తోమిన గిన్నెలు తెగ మెరిసేవి. తర్వాత అక్క నన్ను బాయి దగ్గర మైసమ్మ గుడి ఉన్న దిక్కుకు తిప్పి నెత్తి మీద చేయి పెట్టించి ఒట్టు వేయించింది. "ఎవ్వలికన్న చెప్తే నా సద్దిగిన్నెల అన్నం అంత బొగ్గయిపోవాలె." ఎనిమిదేళ్లకే అన్నం మీద అంత ప్రేమ ఉన్నదాన్ని, వణుకుతూ ఒట్టేశాను.

చిటపట బొగ్గు పలుకులు తినేది, అయితే దానికి అసలు ఇష్టం రొట్టే. కుందేలు రొట్టెను దానికి పెట్టడానికి మనసు రాలేదు (త్యాగానికి కూడా హద్దు ఉండాలి). అందుకని పొద్దున అవ్వ క్యారియర్ సర్దాక, అటు తిరగ్గానే అక్క ఒక రొట్టెలోంచి ముక్క తుంచి పావడాలో దాచేది. బాపుకు తెలియదనుకునేవాళ్లం. నెల తిరక్కుండానే క్యారియర్‌లో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకటి బూడిదరంగు పిట్ట, పిడికిలంత. సైరన్ కూసే ముందు తనే సన్నగా సైరన్ కూసేది. రెండోది తొండ. తెల్లగోడ మీద ఉంటే అసలు కనబడేది కాదు, గోడకున్న సున్నం నాకి తినేది. వారంలో కొట్టం లోపలి గోడ ఇటుకలు బయటపడ్డాయి. అవ్వ అది చూసి, "గోడలకు సుత గజ్జి తగులుతదా?" అని ఆశ్చర్యపోయింది. బాపు సెలవు రోజున సున్నం కలిపి కొట్టం గోడలకు శుభ్రంగా వేశాడు. ఆ తర్వాత ప్రతి నెలా వేసేవాడు. "ఉండే ఇల్లు మసి పట్టుకపోతుంటె, బొగ్గుల కొట్టానికి సున్నమేసే మొగోన్ని ఈయన్నే సూసిన" అని అవ్వ వాడకట్టంతా చెప్పి నవ్వింది. మేమూ నవ్వాం. తొండ కడుపు నిండా తిని గోడ మీద హాయిగా నిద్రపోయింది.

ఆశ్రమం నడపడం అనుకున్నంత తేలిక కాదు. ఒక మధ్యాహ్నం నేను పిట్టకు పచ్చిమిరపకాయ పెట్టాను. (ఎందుకు పెట్టానని అడక్కండి. అది చిలుకకు చుట్టమేమోనని అనుమానం వచ్చింది.) అది ఒక్క క్షణం నా వైపు చూసి, తర్వాత రెక్కలు విప్పి, నిజం సైరన్ కూడా సిగ్గుపడేంత గట్టిగా మూడింటి కూత కూసింది. అప్పటికి రెండు కూడా కాలేదు. వాడకట్టు మొత్తం లేచింది. రెండో షిఫ్టు వాళ్లు తింటున్న కంచాల ముందునుంచి లేచి క్యారియర్లు పట్టుకుని ఉరికారు. ఆ వారం బాపుది కూడా రెండో షిఫ్టే. సబ్బు నురగ ఒక చెంపకు అలాగే ఉండగా, సగం మీసం కత్తిరించుకున్న ముఖంతో పోయాడు. అక్కడికి పోతే మొదటి షిఫ్టు వాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. సైరన్ వేసే ఆయన తాను ముట్టుకోనేలేదని మైసమ్మ మీద ప్రమాణం చేశాడట, ఎవరూ నమ్మలేదట. ఆ వారమంతా బాపు సగం మీసంతో తిరిగాడు. నన్ను చూసినప్పుడల్లా ఆయన అదోలా నవ్వితే, మీసం వల్ల అలా కనబడుతున్నాడేమో అనుకున్నాను.

తర్వాత ముసురు పట్టింది. మా దగ్గర ముసురంటే అలా వచ్చి ఇలా పోయే వాన కాదు. చుట్టం వచ్చి తిష్ట వేసినట్టు ఉంటుంది. తొమ్మిది రోజులు ఎండ పొడ లేదు. కొట్టం రేకుల్లోంచి నీళ్లు కారి బొగ్గంతా తడిసింది. తొండకు, పిట్టకు ఏం కాలేదు కానీ చిటపట రోజురోజుకూ చల్లబడింది. మొదట ఆడటం మానేసింది. తర్వాత తినడం మానేసింది. నలుపు పోయి బూడిదరంగుకు తిరిగింది. అక్క దాన్ని పొయ్యి దగ్గర పెట్టింది, తన ఓణీలో చుట్టి పొట్టకు ఆనించుకుని కూర్చుంది. పొట్టలో వెలుగు మాత్రం రాలేదు. నియమం ప్రకారం వేలు పెట్టకూడదు కానీ నేను పెట్టాను. చల్లగా తగిలింది. అప్పుడు ఏడుపొచ్చింది. మా అక్క ఏడవడం అంతకుముందు నేను చూడలేదు. ఆమె కూడా ఏడ్చింది. "ఇది చచ్చిపోతది చెల్లె. బాయిల ఎచ్చగ ఉంటదట. వచ్చిన తొవ్వలనే పంపుదాం" అంది.

వచ్చిన తొవ్వ అంటే క్యారియరే. మర్నాడు బాపుది మొదటి షిఫ్టు. అవ్వ క్యారియర్ సర్ది నీళ్లకు వెళ్లగానే అక్క అడుగు గిన్నెలో రొట్టెల కింద చిటపటను పడుకోబెట్టింది. దాని చెవిలో ఏదో చెప్పింది, నాకు వినబడలేదు. బాపు వచ్చి, ఎప్పటిలాగే బీడీల కట్ట, అగ్గిపెట్టె గూట్లో పెట్టి, "అగ్గి ఇంట్ల, నేను బాయిల" అని, క్యారియర్ పట్టుకుని గొడుగు వేసుకుని పోయాడు. మేమిద్దరం గుమ్మంలో నిలబడి చాలా మంచి పని చేశామన్న ముఖాలతో చూశాం.

అక్కతో పాటు లోపలికి వస్తుంటే నా చూపు కిటికీ గూటి మీద పడింది. అగ్గిపెట్టె. అగ్గి ఇంట్ల. ఎనిమిదేళ్ల బుర్రలో ఆ మాట మెల్లగా తిరిగింది. అగ్గి ఇంట్లో లేదు. అగ్గి క్యారియర్‌లో ఉంది. ఇప్పుడు చల్లగా ఉంది, కానీ బాయిలో వెచ్చబడుతుందనే కదా పంపింది. వెచ్చబడితే దాని పొట్ట నిప్పు కణికే. లోపల గ్యాసు. "అక్కా, బాపు" అన్నాను. గూటి వైపు వేలు చూపించాను. అక్క గూటి వైపు చూసింది. ఆమె ముఖం తెల్లబడిపోయింది. ఇద్దరం చెప్పుల్లేకుండా వానలోకి ఉరికాం. వెనక అవ్వ, "ఎటు సచ్చిన్రే పోరగాండ్లు" అని అరుస్తూనే ఉంది.

బాయి మైలు దూరం. బొగ్గు బురదలో ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. ఉరుకుతూనే మైసమ్మకు మొక్కుకున్నాను, నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ధర్మపురి నర్సన్నకు నా జుట్టు ఇస్తానన్నాను, అది తక్కువనిపించి అక్క జుట్టు కూడా కలిపాను. పోయేసరికి రేకుల పందిరి కింద మనుషుల వరుస ఉంది. మొదట చాచా, ఆయన ముందు చేతులు పైకెత్తి నిలబడ్డ బాపు. జేబులు చూడటం అయిపోయింది. క్యారియర్ మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టి పంపించెయ్యడమే మిగిలింది. రోజూ అంతే, మూత తీసేవాడు కాదు. అక్క రొప్పుతూ నా చెయ్యి పట్టి లాగింది. బాపును పక్కకు పిలిచి మెల్లగా చెబుదామని ఆమె ఉద్దేశం. నేను ఆగలేదు. "చాచా, మా బాపు క్యారియర్ల అగ్గి ఉన్నది" అని బాయంతా వినబడేలా అరిచాను.

 చాచా ముఖంలో మాకు పిప్పరమెంట్లు ఇచ్చే మనిషి కనబడలేదు. తమ్ముణ్ని వెనక్కి పంపిన మనిషి ఉన్నాడు. బాపు మమ్మల్ని చూశాడు. తల నుంచి పాదాల దాకా తడిసి, బురద పూసుకుని, ఏడుస్తున్న ఇద్దరు బిడ్డలు. క్యారియర్‌లో ఏముందో ఆయనకు తెలియదు. అయినా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏమున్నా నాదే చాచా. నేనే పెట్టుకున్న. పోరగాండ్లకు ఏం తెల్వది" అన్నాడు. అగ్గి దొరికితే పని పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. (కింద ఎలాగూ బాయే కాబట్టి పెద్ద దూరం కూడా కాదు.)

చాచా క్యారియర్ బల్ల మీద పెట్టి మూత తీశాడు. తొక్కు. దాని కింద అన్నం. అడుగు గిన్నె తీయగానే ఆయన తెల్లగడ్డం కింది నుంచి ఎర్రటి వెలుగు పడింది. బాయి గాలి తగిలి చిటపటకు ప్రాణం లేచొచ్చింది. మసి నలుపు తిరిగొచ్చింది. రొట్టె మీద కూర్చుని, అంచు కొరుకుతూ, పొట్ట వెలిగించుకుంటూ ఆర్పుకుంటూ అందరినీ చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎవరో అరుస్తారని, ఉరుకుతారని ఎదురుచూస్తున్నాను. అందుకు బదులు వరుసలోంచి ఒకాయన గొంతు నిదానంగా వినబడింది. "అరె, గిది మన పంపుకాడి ఉడుత గదనే. ఎన్ని నెల్లాయె దీన్ని సూడక." ఇంకొకాయన, "నేను రోజు రొట్టె ముక్క పెట్టి పోతున్న, పొద్దుగాల సూస్తె అట్లనే ఉంటుండె. ఏడికి పోయిందోనని పరేషాన్ల ఉన్న" అన్నాడు. మూడో ఆయన మా వైపు తిరిగి, "మా సున్నపు తొండ సుత మీ తాన్నే ఉన్నదా బిడ్డా?" అని ఆశగా అడిగాడు.

అప్పుడు అర్థమైంది. మేం కాపాడుతున్నామనుకుని గర్వపడ్డ జీవాల కోసం బాయంతా నెలల తరబడి వెతుకుతోంది. కింద వాటికి పేర్లున్నాయి, తావులున్నాయి, రోజూ ముద్ద పెట్టే మనుషులున్నారు. పెళ్లాలకు కూడా చెప్పకుండా ఆ మగవాళ్లు ఎన్నో ఏళ్లుగా నడుపుతున్న ఆశ్రమంలోంచి తప్పిపోయి వచ్చిన జీవాలను మేం మా కొట్టంలో దాచేశాం. అక్క ముఖం చూడాల్సింది. అధిపతి ఒక్కసారిగా దొంగ అయిపోయింది.

కానీ అగ్గి సంగతి అలాగే ఉంది, చాచా కూడా అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన జేబులోంచి కాగితం ముక్క తీసి చిటపట వెలిగే పొట్టకు ఆనించాడు. అందరం చూస్తున్నాం. కాగితం కాలలేదు, కనీసం వేడికి ముడుచుకోలేదు. "దీని అగ్గి ముట్టియ్యదు బేటీ, ఫికర్ జేయకున్రి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "జవానీల నేను లోపల పని జేసేటప్పుడు దీంతోని బీడీ ముట్టియ్యాలని సూసిన. ముట్టలే. బీడీతోని దొరికిన. గందుకే నన్ను పైన నిలవెట్టి జేబులు సూసే పని ఇచ్చిన్లు" అన్నాడు. వరుస మొత్తం నవ్వింది. చాచా నవ్వలేదు. అలవాటు చొప్పున చిటపట రెండు పక్కలూ తడిమి చూసి, "బీడీ లేదు, అగ్గిపెట్టె లేదు. ఉడుత పోవద్దని రూల్ల లేదు. పో" అని గిన్నె మూసి బాపు చేతికిచ్చాడు. బాపు మా నెత్తుల మీద చేయి పెట్టి, గొడుగు అక్క చేతిలో పెట్టి, లోపలికి పోయాడు. వెనక్కి తిరిగి వస్తుంటే నా తడిసిన గౌను జేబులో పిప్పరమెంటు ఉంది. చాచా ఎప్పుడు తడిమాడో తెలియదు.

ఆ మధ్యాహ్నం బాపు వచ్చాక వాకిట్లో ఆయనకు చెరో పక్కన కూర్చున్నాం. అడుగు గిన్నెలో సగం రొట్టె ఉంది. తినబుద్ధి కాలేదు. "నీకు ముందే ఎర్కనా బాపు?" అని అక్క అడిగింది. "సున్నం ఊకెనే ఏసిన్ననుకున్నవా" అన్నాడు బాపు. "మరి చెప్పకపోతివి" అని నేను దబాయించాను. "చెప్తె మీరు దాసుకునుడు బంద్ జేస్తరు గద బిడ్డా. మీ సంబురం పాడు జేసుడెందుకు" అన్నాడు. ఎక్కడి జీవాలు అక్కడుంటేనే మంచిదని నచ్చజెప్పి, మర్నాడు తొండను, ఆ మర్నాడు పిట్టను క్యారియర్‌లో పట్టుకుపోయాడు. అక్క కొట్టం గోడ మీది నియమాల కాగితాన్ని మాత్రం తీయనివ్వలేదు. నేను ఎవరూ లేని కొట్టాన్ని రోజూ ఊడ్చాను. చివరికి నేనే అడిగాను, "మరి రొట్టె పంపే కుందేలు నిజంగ ఉన్నదా బాపు?" ఆయన బీడీ పొగ వదిలి, "ఉన్నది. గది మాత్రం నాకు సుత కనవడలే" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత, నా పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దుతుండగా ఒక పొద్దున చేయి ఆగిపోయింది. పొద్దునే అక్క తుంచిన ముక్క పోయింది. లోపల పంపు పక్కన జీవాలకు ఆయన పెట్టిన ముద్ద పోయింది. మా కోసం దాచిన సగం పోయింది. ఇక ఎనిమిది గంటలు బురదలో నిలబడి పంపు నడిపిన మనిషి ఏం తిన్నాడు? వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఇప్పుడు ఏడిస్తే ఆయన కడుపు నిండదని తెలుసు, అయినా ఏడుపొచ్చింది. అక్కకు ఫోన్ చేశాను. ఆమెకు ఆ సంగతి ఆ వానాకాలమే తెలిసిందట. అప్పటి నుంచి రోజూ క్యారియర్‌లో ఒక రొట్టె ఎక్కువ పెట్టేదట, నాకు చెప్పలేదట. (చెబితే ఊరంతా తెలుస్తుందని.)

మా బాయి మూసేసిన రోజు నాకింకా గుర్తుంది. అప్పటికి అక్క ధర్మపురిలో సంసారం చేసుకుంటోంది, నాకు మంచిర్యాల దగ్గర కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. బాపు ఆఖరి షిఫ్టు కదా అని ఇద్దరం వచ్చాం. మూడింటి సైరన్ కూశాక మనుషులు బయటికి వచ్చారు. ఎప్పుడూ క్యారియర్లు ఊపుకుంటూ, అరుచుకుంటూ వచ్చేవాళ్లు ఆ రోజు క్యారియర్లను రెండు చేతులా గుండెకు ఆనించుకుని, మెల్లగా అడుగులు వేస్తూ వచ్చారు. రిటైరైన చాచా పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరి జేబులూ చూడలేదు. ప్రతి క్యారియర్‌నూ ఒకసారి అరచేత్తో నిమిరి పంపించాడు.

బాపు ఇంటికి వచ్చి గడప దగ్గర ఆగాడు. బీడీ ముట్టించుకోలేదు. మీసం నెరిసిన మా బాపు బడికి ఆలస్యమైన పిల్లవాడిలా మా ఇద్దరి వైపు చూసి, "బొగ్గుల కొట్టం ఖాళీగనే ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. అవ్వ ఏమీ అర్థం కాక, "పాత సామాన్లున్నయి, ఎందుకు?" అంది. అక్క వెనక కొట్టంలోకి వెళ్లింది. వచ్చేసరికి చేతిలో పాత క్యాలెండరు కాగితం ఉంది. చెదలు అంచులు తిన్నాయి కానీ అక్షరాలు ఉన్నాయి. పెద్దవాళ్లకు ప్రవేశం లేదు. "ముందుగాల ఒట్టేయాలె బాపు" అంది. బాపు క్యారియర్‌ను ఒక చేత్తో గుండెకు పట్టుకుని, ఇంకో చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, మైసమ్మ దిక్కుకు తిరిగి ఒట్టేశాడు. ఒక్క మాట కూడా తప్పకుండా, సద్దిగిన్నె బొగ్గయిపోవాలనే దాకా చెప్పాడు. ఆ మాటలు ఆయనకు ఎలా తెలుసో మేం అడగలేదు. కొట్టం గోడలు పల్చటివి కదా.

ఇప్పుడు నేనున్న ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. అయినా బాల్కనీ మూలన ఒక బొగ్గు బస్తా ఉంటుంది. అదెందుకమ్మా అని పనమ్మాయి అడిగితే, మొక్కలకు మంచిదని చెబుతాను. ఒక్క గోడకే ప్రతి నెలా సున్నం ఎందుకేస్తావని మా ఆయన అడగడం మానేసి చాలా కాలమైంది. ధర్మపురి నుంచి అక్క ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. నా మోకాళ్ల నొప్పి సంగతి అడగదు. "పిట్టకు పచ్చిమిరపకాయలు పెడ్తలేవు గద?" అని అడుగుతుంది. ముసురు పట్టినప్పుడు, బాపు క్వార్టర్ ఖాళీ చేశాక క్యారియర్‌లోనే నా దగ్గరికి వచ్చిన చిటపటను నా పాత శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కాపీలు దిద్దుతాను. మార్కులు కాస్త ఎక్కువే పడతాయి.

ఇదంతా ఎవరికీ చెప్పనని ఎనిమిదేళ్ల వయసులో నెత్తి మీద చేయి పెట్టుకుని ఒట్టేసినదాన్ని, ఇన్నాళ్లు ఆగి, చివరికి కాగితం మీద పెట్టి మీ అందరికీ చెప్పేశాను. నా నోట్లో మాట ఆగదని అక్క అప్పుడే అంది. రేపు బళ్లో టిఫిన్ డబ్బా మూత తీస్తే అన్నానికి బదులు బొగ్గు కనబడుతుందేమో. కనబడనివ్వండి. మూత పెట్టి, జాగ్రత్తగా రెండు చేతులా ఇంటికి తెస్తాను. నేను పస్తున్నా, ఆ బొగ్గు కోసం ఎదురుచూసేవాళ్లు ఇంట్లో ఉన్నారు.